హెడ్‌లైట్ మార్చే ముందు మల్టీమీటర్ పట్టుకోండి

మూడేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒక ఆదివారం రాత్రి వికారాబాద్ వైపు నుంచి ఇంటికి వస్తున్నాను. బీజాపూర్ రోడ్డు. మన్నెగూడ దాటాక నేను వస్తున్న చోట డివైడర్ లేదు, వీధి దీపాలు లేవు, రెండు పక్కలా గొడుగులు పట్టినట్టు మర్రిచెట్లు. అంతకు వారం ముందే నా జీపుకు నాలుగున్నర వేలు పెట్టి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బులు వేయించాను. మర్రి ఊడలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత వెలుగు. స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ వస్తున్నాను.

చేవెళ్ళ ఇంకా రాలేదు. ఎదురుగా ఒక మోపెడ్. మర్యాదగా డిప్పర్ వేశాను, అంటే లైటును కిందికి దించాను. ఆ మనిషి ఎడమ చెయ్యెత్తి కళ్ళకు అడ్డం పెట్టుకోవడం కనిపించింది. మరుక్షణం మోపెడ్ రోడ్డు దిగి, మట్టిలో నాలుగు గజాలు పోయి ఒరిగింది. ఖాళీ పాలక్యాన్లు రెండు దొర్లుకుంటూ వెళ్ళి చెట్టు మొదట్లో ఆగాయి.

జీపు ఆపి పరుగెత్తాను. అరవై దాటిన మనిషి. మోకాలు గీరుకుపోయింది తప్ప పెద్ద దెబ్బలేం లేవు. బండి లేపి నిలబెట్టాను. "డిప్పర్‌లోనే ఉంది పెద్దయ్యా" అన్నాను, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. ఆయన నా జీపు వైపు తిరగబోయి, మళ్ళీ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"గది డిప్పరా? నీకు కనవడితే సాలా బిడ్డా, మా కండ్లు పోవాల్నా?"

క్యాన్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం లంగర్‌హౌజ్ చేరేదాకా ఎదురుగా వచ్చే ప్రతి బండీ వాడి మొహం చూస్తూ వచ్చాను. చాలామంది తల పక్కకు తిప్పుకుంటున్నారు. వారం రోజులుగా తిప్పుకుంటూనే ఉండి ఉంటారు, నేనే చూసుకోలేదు.

అసలు బల్బులు ఎందుకు మార్చానో చెప్పాలి. సరదాకు కాదు. నాది పదేళ్ళు దాటిన గుండ్రని లైట్ల జీపు. కంపెనీ పేరు అనవసరం, ఈ తరహా బండి ఉన్నవాళ్ళందరిదీ ఇంచుమించు ఇదే కథ. లైటు వేస్తే లాంతరు వెలిగించినట్టు పసుపుపచ్చగా ఉండేది. ఓసారి పరిగి దగ్గర, పత్తి లోడుతో వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీని మరీ దగ్గరికి వచ్చేదాకా చూడలేదు. ట్రాలీకి వెనక ఎర్ర లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కరు కూడా లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మనిషి తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర, అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత లావుపాటి మడ్ టైర్ల మీద బండి ఆగడానికి ఇంకో 40. మొత్తం 70 పైచిలుకు. నా లైటు చూపించేది అందులో సగమైనా ఉండేది కాదు. ఆ రోజు నేను 60లోనే ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

కాబట్టి నాతో కలిసి రోడ్డు లేని చోట్ల సరదాగా జీపులు నడిపే ఆఫ్‌రోడ్ మిత్రులు "లైట్లు మార్చరా బాబూ" అన్నప్పుడు వాళ్ళది తప్పు కాదు. మార్చాల్సిందే. కానీ మన పాత బండ్లలో రోగం చాలావరకు వైర్లలో ఉంటుంది, మందు మాత్రం బల్బుకు వేస్తాం. నేనూ అదే చేశాను, అదీ రెండుసార్లు.

మొదటిసారి 100/90 వాట్ల హాలోజెన్ వేయించాను. ఈ గుండ్రని లైట్లలో ఉండేది హెచ్4 బల్బు. 1971లో వచ్చిన డిజైను, దూరం కొట్టే అప్పర్‌కు 60 వాట్లు, డిప్పర్‌కు 55. దాని స్థానంలో 100 వాట్లది పెడితే అప్పర్ వేసినప్పుడు రెండు లైట్లకూ కలిపి 16 ఆంపియర్లు దాటి లాగుతుంది. ఆ కరెంటంతా పది ఆంపియర్లకు వేసిన సన్నటి వైర్లలోంచి, స్టీరింగ్ పక్కనుండే కాంబినేషన్ స్విచ్‌లోంచి పోవాలి. మూడో వారం నార్సింగి దగ్గర స్టీరింగ్ కాలమ్ లోంచి ప్లాస్టిక్ కమిలిన వాసన. స్విచ్ పోయింది, బల్బును వైర్లకు కలిపే ప్లగ్గు, అదే కప్లర్, నల్లబడింది. వెలుగు ఏమన్నా పెరిగిందా అంటే కొద్దిగా. ఎందుకు కొద్దిగానే పెరిగిందో అప్పుడు ఆలోచించి ఉంటే రెండో తప్పు చేసేవాణ్ణి కాదు.

రెండోసారి ఆ ఎల్‌ఈడీలు. పెట్టె మీద 20,000 ల్యూమెన్లని అచ్చేశారు. ల్యూమెన్ అంటే వెలుగుకు కొలత. తర్వాత కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఒక్కో బల్బు తీసుకుంటున్నది రెండు ఆంపియర్లు, అంటే పాతిక వాట్లు. వాటుకు వంద ల్యూమెన్లని ధర్మంగా లెక్కేసినా రెండున్నర వేలు దాటవు. పెట్టె రాసినవాడికి సున్నాలంటే ప్రేమ. అయినా రెండున్నర వేలు తక్కువేం కాదు. మామూలు హెచ్4 డిప్పర్ లెక్క 1,000 ల్యూమెన్లే. మరి అంత వెలుగు ఉండి కూడా గొడవేంటంటే, అది పోవాల్సిన చోటికి పోదు.

పాలాయన సంగతి జరిగిన మర్నాడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో జీపు పెట్టాను. గోడ మీద సుద్దముక్కతో లైటు మధ్యభాగం ఎత్తులో ఒక గీత గీశాను. వాచ్‌మన్ వాస్తు చూస్తున్నాననుకున్నాడు. ముందు పాత హాలోజెన్ పెట్టి డిప్పర్ వేశాను. నా గీతకు నాలుగు వేళ్ళ కింద అడ్డంగా కోసినట్టు ఒక హద్దు. దాని కింద వెలుగు, పైన చీకటి. ఎడమ పక్కన మాత్రం ఆ హద్దు చిన్న గట్టులా పైకి లేస్తుంది. తర్వాత ఎల్‌ఈడీ పెట్టాను. హద్దు గిద్దు ఏం లేదు. గీతకు పైన కూడా బకెట్‌తో సున్నం చల్లినట్టు తెల్లటి మరకలు, సీలింగ్ పైపుల దాకా.

కారణం బల్బు లోపల ఉంది. హెచ్4లో రెండు ఫిలమెంట్లుంటాయి. డిప్పర్ ఫిలమెంట్ కింద గోరంత రేకు దొప్ప ఒకటి పెట్టి ఉంటుంది. ఆ దొప్ప వల్ల వెలుగు బల్బు వెనకుండే అద్దం లాంటి గిన్నె, అంటే రిఫ్లెక్టర్, పైసగం మీదే పడుతుంది, పైసగం దాన్ని కిందికి, రోడ్డు మీదికి తోస్తుంది. ఎదుటివాడి కళ్ళను కాపాడేది ఆ గోరంత రేకే. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ సన్నటి ఫిలమెంట్ ఎక్కడుంది, ఎంత పొడవుంది అన్నదాన్ని బట్టి మిల్లీమీటర్ల లెక్కన చెక్కింది. ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంట్ ఉండదు. పలకకు ఆ వైపు ఈ వైపు అతికించిన చదరపు చిప్పులుంటాయి, మధ్యలో పలక మందం. రిఫ్లెక్టర్‌కు బల్బు మారిన సంగతి తెలియదు. దాని పాటికి అది పాత ఫిలమెంట్ అక్కడే ఉందనుకుని వెలుగును చెదరగొడుతుంది. బిగించిన కుర్రాడు బల్బును సరిగ్గా నిలువుగా తిప్పలేదని తర్వాత తెలిసింది. తిప్పి చూశాను. మరకలు తగ్గాయి, పోలేదు.

అయినా నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. పెట్టిన డబ్బు అంత తొందరగా మనసును మారనివ్వదు. ఆ శనివారం రాత్రి శంకర్‌పల్లి వైపు ఖాళీగా ఉండే ఒక రోడ్డు మీద మా బామ్మర్దికి జీపు ఇచ్చి, నేను వాడి స్కూటర్ మీద ఎదురుగా వెళ్ళాను. అర కిలోమీటరు దూరంలో బాగానే ఉంది. వంద మీటర్లకు వచ్చేసరికి నా ముందు రోడ్డు మాయమైంది. రోడ్డు అంచున వేసిన తెల్లగీత కనిపించలేదు. ఎడమ పక్కన మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. జీపు దాటిపోయాక కూడా కళ్ళ ముందు ఊదారంగు మచ్చలు. మనసులో అంకెలు లెక్కపెట్టాను. చూపు కుదురుకోవడానికి మూడు పట్టింది. స్కూటర్ 40లో ఉంటే మూడు సెకన్లకు 33 మీటర్లు. అంత దూరం గుడ్డివాడిలా పోయానన్నమాట. నా వయసు 41. ఆ పాలాయనకు ఇంకో పాతికేళ్ళు ఎక్కువ. మా నాన్న శుక్లాల ఆపరేషన్‌కు ముందు రెండేళ్ళపాటు చీకటి పడితే స్కూటర్ తీసేవారు కాదు, "ఎదుటి లైటు చుట్టూ పువ్వు విచ్చుకుంటుందిరా" అనేవారు. మేము నవ్వేవాళ్ళం.

"బావా, లోపలి నుంచి మాత్రం సూపర్ ఉంది" అన్నాడు బామ్మర్ది జీపు దిగుతూ. సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. లైటు బాగుందో లేదో మనం ఎప్పుడూ లోపల కూర్చునే తీర్పు చెబుతాం.

లోపలి నుంచి కూడా అది నిజంగా సూపరా అంటే, అదీ అనుమానమే. బానెట్ ముందు పది మీటర్లు తెల్లగా మెరిసిపోతుంటే కంటిపాప ముడుచుకుంటుంది. పాప ముడుచుకుంటే దూరంగా ఉన్న ట్రాలీ ఇంకా మసకేసిపోతుంది. దగ్గరి వెలుగును చూసి మనం దూరం కనిపిస్తోందని సంబరపడతాం. వాన పడితే మరీ అన్యాయం. తడి తారు మీద ఆ తెల్లని వెలుగు ఎటు పోయిందో కూడా తెలియలేదు నాకు.

జవాబు ఆటోనగర్‌లో దొరికింది. ఒక ఎలక్ట్రీషియన్, నలభై ఏళ్ళుగా అదే పని. నేను ఎల్‌ఈడీలు తీసేసి మళ్ళీ పాత బల్బులే పెట్టమంటే ఆయన ఏమీ అడగలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీశాడు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. హెడ్‌లైట్ కప్లర్ దగ్గర, లైటు వెలుగుతుండగా, 11.8.

"అన్నా, బల్బు ఏం జేస్తది పాపం. దానికి తిండి వస్తలేదు."

రెండు వోల్టులకు ఇంత హడావుడి ఎందుకనిపిస్తుంది. హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంలో తగ్గుతుంది. వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు ముప్పై శాతం పోతుంది. నా లెక్కన చూస్తే బ్యాటరీలో ఉన్న శక్తికి రావాల్సిన వెలుగులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే వస్తోంది. మిగిలిన సగం ఎటు పోయింది? బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్సుకు, అక్కడి నుంచి కాంబినేషన్ స్విచ్‌కు, తిరిగి ముందుకు లైట్ల దాకా, మధ్యలో చిలుము పట్టిన కప్లర్లు, తుప్పు పట్టిన బాడీ ఎర్త్. వీటన్నిటికీ తలా కాస్త పంచుకుంటూ వచ్చింది కరెంటు. నేను 100 వాట్ల బల్బు వేసినప్పుడు వెలుగు పెద్దగా పెరగకపోవడానికి కూడా ఇదే కారణం. ఎక్కువ లాగేకొద్దీ దారిలో ఎక్కువ పోతుంది.

ఆయన చేసింది చాలా మామూలు పని. బ్యాటరీ నుంచి నేరుగా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల లావు వైరు, దానికి ఫ్యూజు, అప్పర్‌కు ఒకటి డిప్పర్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్‌లు. పాత స్విచ్ వైరు ఇప్పుడు రిలేకు సైగ మాత్రమే చేస్తుంది, మోత రిలే మోస్తుంది. ఎర్త్ బోల్టు విప్పి పెయింటు గీకి మళ్ళీ బిగించాడు. చిలుము పట్టిన రిఫ్లెక్టర్లు రెండూ మార్చాడు. మెరుపు పూత మసకబారిన రిఫ్లెక్టర్‌లో ఏ బల్బు పెట్టినా దండగే అన్నాడు, నిజమే. అంతా కలిపి నాకు ఎల్‌ఈడీల కంటే తక్కువే అయింది. మళ్ళీ మీటరు పెడితే కప్లర్ దగ్గర 13.7. అంటే అదే 60/55 బల్బులోంచి మునుపటి కంటే అరవై శాతానికి పైగా ఎక్కువ వెలుగు, అదీ ఆ గోరంత రేకు దొప్ప చెప్పినట్టు వింటూ. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. నిండా తిన్న బల్బు తొందరగా పోతుంది. ఏడాదికోసారి మారుస్తున్నాను. అదేం పెద్ద ఖర్చు కాదు.

ఎల్‌ఈడీ అంటే నాకు పడదని కాదు. మొత్తం లైటుకు లైటే ఎల్‌ఈడీ కోసం తయారైనదైతే, దాని లెన్సు, రిఫ్లెక్టరు ఆ చిప్పుల లెక్కన చేసినవైతే, అది హాలోజెన్‌ను తలదన్నుతుంది. ఏడు అంగుళాల గుండ్రని లైటు అదృష్టం ఏంటంటే, 1940లో అమెరికాలో అన్ని కార్లకూ ఒకటే సైజని నిర్ణయించినప్పటి నుంచి అది అలాగే ఉండిపోయింది. మన అంబాసిడర్‌కు అదే, జిప్సీకి అదే, బుల్లెట్‌కు అదే. కాబట్టి ప్రపంచంలో ఎక్కడ తయారైనా మన జీపుకు కూర్చుంటుంది. కూర్చోవడమే చిక్కు కూడా. అమెరికావాళ్ళు రోడ్డుకు కుడివైపు నడుపుతారు. వాళ్ళ లైటులో ఆ గట్టు కుడిపక్కన పైకి లేస్తుంది, రోడ్డు అంచును చూపించడానికి. అదే లైటును తెచ్చి మన దగ్గర పెడితే ఆ గట్టు సరిగ్గా ఎదురుగా వచ్చేవాడి కళ్ళలోకి లేస్తుంది. ఎంత సరిచేసినా పోదు, లైటు పుట్టుకే అంత. మా గుంపులో ఒకాయన ముప్పై వేలు పెట్టి తెప్పించుకున్న లైట్లు ఇవే. నేను చెబితే మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

యూరప్ ప్రమాణాల గుర్తున్న లైటైతే గాజు మీద చూడండి. గుండ్రంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, దాని పక్కన అంకె ఉంటాయి. మీరు లైటుకు ఎదురుగా నిలబడితే మీ కుడిచేతి వైపు చూపే బాణం గుర్తు ఉంటే అది ఎడమవైపు నడిపే మనలాంటి దేశాలకు చేసింది. బాణానికి రెండు మొనలుంటే రెండు రకాలుగానూ పనికొస్తుంది. బాణమే లేకపోతే కొనకండి.

ఇక ఆఫ్‌రోడ్. ఇక్కడ నా మిత్రులతో నాకు ఎక్కువ పేచీ. బండి కప్పు మీద అడ్డంగా పొడవాటి లైట్ల పట్టీ, అదే లైట్‌బార్, లేకపోతే రాత్రి ట్రయల్‌కు పోలేమని వాళ్ళ నమ్మకం. పరిగి దగ్గర ఒక మిత్రుడి పొలంలో, వాన నీళ్ళు కోసిన ఎర్రమట్టి వాగులో, నేను వాళ్ళ బండి నడిపి చూశాను. కప్పు మీది లైటు మన కంటికి దాదాపు సమానమైన ఎత్తులో ఉంటుంది. కన్ను ఎటు చూస్తుందో వెలుగు అటే పోతుంది కాబట్టి రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది. నీడలు లేకపోతే గుంటలు లేవు. నేలంతా పేడతో అలికిన వాకిలిలా నున్నగా కనిపించింది. ఆ నున్నటి వాకిట్లోనే ఎడమ ముందు చక్రం మోకాలి లోతు కాల్వలో దిగింది. అదే చోట నా జీపుతో, బంపర్ ఎత్తులో పెట్టిన రెండు వెడల్పాటి ఫాగ్‌లైట్లతో పోతే, ప్రతి రాయికీ బారెడు నీడ, కాల్వ నల్లటి తాడులా అడ్డంగా కనిపించింది. గంటకు పది కిలోమీటర్లలో పోయేచోట కిలోమీటరు దూరం కనిపించి ఏం లాభం? ముందు వెళ్ళిన బండి లేపిన దుమ్ములో కప్పు లైటు వేస్తే కంటి ముందు ఎర్రటి గోడ లేస్తుంది. దానికి తోడు బానెట్ మెరుపు.

జీపు ఎత్తు పెంచినవాళ్ళు కూడా ఒక మాట వినాలి. రెండు అంగుళాలు లేపి పెద్ద టైర్లు వేశాక హెడ్‌లైట్ మళ్ళీ సరిచేయించుకున్నవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. లైటు పది మీటర్ల దూరానికి పది సెంటీమీటర్లు దిగాలని స్థూలమైన లెక్క. వెనక నలుగురు కూర్చుని సామాను ఎక్కితే ముక్కు లేచి ఆ లెక్క తప్పుతుంది. సైడున రెండు స్క్రూలుంటాయి, పది నిమిషాల పని.

"అందరూ కళ్ళలో కొడుతున్నారు, మనం ఒక్కళ్ళం తగ్గితే మనమే గుడ్డివాళ్ళం" అన్నది మా గుంపులో గట్టి వాదన. నిజంగానే గట్టిది. బీజాపూర్ రోడ్డు మీద పది బండ్లలో ఆరు కళ్ళలో కొట్టేవే. కానీ ఎదుటివాడి వెలుగు పడుతున్న కంటికి మన వెలుగు పెంచడం మందు కాదు. వాడు నన్ను గుడ్డివాణ్ణి చేస్తే, నేనూ వాణ్ణి గుడ్డివాణ్ణి చేస్తే, రెండు గుడ్డి బండ్లు గంటకు 80లో ఒకదానికొకటి ఎదురొస్తున్నాయి. ఇద్దరిలో ఒకడికైనా రోడ్డు కనిపించడం ఇద్దరికీ మంచిది, ఆ ఒకడు అవతలివాడైనా సరే.

ఈ గొడవ కొత్తదేం కాదు. మా చిన్నప్పుడు హెడ్‌లైట్ల మధ్యలో నల్లరంగు చుక్క పెట్టించేవాళ్ళు. బండికి దిష్టిచుక్క అనుకునేవాణ్ణి. కళ్ళలో కొట్టకుండా అని పెద్దయ్యాక తెలిసింది. చట్టం కూడా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చదివాక నాకు ముచ్చటేసింది. లైటుకు 8 మీటర్ల దూరంలో, కుడివైపుకు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కన్నుకు మిరుమిట్లు గొలపకూడదట. ఎవరో కూర్చుని ఆ కన్ను ఎక్కడుంటుందో టేపు పెట్టి కొలిచారు. సుమారుగా ఎదురొచ్చే మోపెడ్ మీది మనిషి కన్ను అక్కడే ఉంటుంది.

పోయిన నెల మా గుంపులో ఆ లైట్‌బార్ మిత్రుడు సెల్లార్‌కు వచ్చాడు, తన బండికి కూడా వోల్టులు చూడమని. చూసే ముందు టేపు తీసి 8 మీటర్లు కొలిచి, అర మీటరు పక్కకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కూర్చుంటే కన్ను మీటరున్నర కంటే కిందే ఉంటుంది, అంటే చట్టం కంటే నేనే కాస్త కఠినం. తాళం తీసుకుని వాడి బండిలో డిప్పర్ వేశాను. లైట్‌బార్ జోలికి పోలేదు.

"ఆపరా! ఆపు!" అన్నాడు.

ఇంకో నిమిషం ఉంచి ఆపాను. ఆదివారం ఆటోనగర్ తీసుకెళ్తున్నాను.